లెర్న్ట్ రాయాలా, లెర్న్డ్ రాయాలా? ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ మాస్టారి ప్రసంగం

ఆదివారం మా లైబ్రరీ హాల్లో సార్ మాట్లాడింది ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం, రాలేకపోయినవాళ్ళ కోసం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా సార్ మాట్లాడినట్టే ఉంచాం.

కూర్చోండి కూర్చోండి, నా కోసం లేవక్కర్లేదు. మైక్ పనిచేస్తా ఉందా? వెనకాల వినపడుతోందా అమ్మా? సరే. నేను పుట్టింది అనంతపురం దగ్గర పల్లెలో, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పింది వరంగల్లో, రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటున్నది విజయవాడలో. ఇది గొప్పకి చెప్పటం లేదు, దీంతో పనుంది, కాసేపాగి చెప్తా.

ఇందాక గేటు దగ్గర ఒక అబ్బాయి పట్టుకున్నాడు నన్ను. ఏదో పరీక్షకి ప్రిపేరవుతున్నాడంట. సార్, లెర్న్‌కి భూతకాలం లెర్న్ట్ కరెక్టా, లెర్న్డ్ కరెక్టా, కోచింగ్‌లో సార్ ఒకటి చెప్పాడు, యూట్యూబ్‌లో ఇంకొకాయన ఇంకోటి చెప్పాడు, మీరు ఒక్కటి చెప్పండి సార్, అదే రాసేస్తా అన్నాడు. ఎక్కడ కూర్చున్నావు బాబూ? ఆ, అక్కడున్నావా. నీకు ఒక్క ముక్కలో చెప్పుంటే నువ్వు ఇంటికి పోయేవాడివి, అందుకే చెప్పలా.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక కుర్రాడు పేపర్లో డ్రీమ్డ్ అని రాశాడు, చివర ఈడీ పెట్టి. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి పైన డ్రెమ్ట్ అని రాసి అర మార్కు కోశా. మర్నాడు వాడు స్టాఫ్ రూమ్‌కి డిక్షనరీ మోసుకొచ్చాడు. లావుపాటి డిక్షనరీ. పేజీ తీసి చూపించాడు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి, డ్రీమ్డ్ ఆర్ డ్రెమ్ట్ అని. నేనేం చేశానంటారు? మార్కిచ్చానా? ఇవ్వలా. మన దగ్గర ఇట్లాగే రాయాల అని పంపించేశా. వాడు ఏం అనకుండా పోయాడు. ఆ అర మార్కు వల్లే నేను ఈ సంగతి చదవటం మొదలుపెట్టా, నిజం చెప్తున్నా, వాడు గనక ఆ డిక్షనరీ తేకపోయుంటే నేను రిటైరయ్యేదాకా మార్కులు కోస్తానే ఉండేవాణ్ణి.

ఇప్పుడు తెలుగులోకి రండి. మీ ఇంటికి మేనల్లుడు వచ్చాడు. గుంటూరాయన ఏమంటాడు? వాడు వచ్చాడు అంటాడు. మా అనంతపురంలో? వచ్చినాడు. వరంగల్లో? వచ్చిండు. పాత పుస్తకాల్లో? వచ్చెను. నాలుగు రూపాలు, మనిషి ఒక్కడే, రావటం ఒక్కటే. వీటిల్లో ఏది కరెక్టు? చెప్పండి, ఏది కరెక్టు? ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే అది అడగాల్సిన ప్రశ్న కాదని మీ అందరికీ తెలుసు. ఎవరి ఊళ్ళో వాళ్ళది కరెక్టు. వచ్చెను అని ఇంట్లో అంటే నవ్వుతారు, పద్యంలో ఉంటే నవ్వరు. దీని మీద మనవాళ్ళు తక్కువ కొట్లాడుకోలేదు. గిడుగు రామ్మూర్తిగారు జీవితమంతా పోరాడింది దేనికి, జనం నోట్లో ఉన్న మాట పుస్తకంలోకి ఎందుకు రాకూడదు అనే కదా, ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అని చేసుకుంటున్నాం. మరి తెలుగు విషయంలో ఇంత తెలివి ఉన్నవాళ్ళం ఇంగ్లీష్ దగ్గరికొచ్చేసరికి కోర్టులో బోనెక్కినట్టు ఎందుకు నిలబడతాం? ఏది కరెక్టు సార్, ఏది కరెక్టు సార్.

లెర్న్ట్, బర్న్ట్, స్పెల్ట్, డ్రెమ్ట్, స్మెల్ట్, స్పిల్ట్. ఇవి చివర టీ ఉన్న రూపాలు. ఇవే మాటలకి చివర ఈడీ పెట్టిన రూపాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో టీ రూపాలు బాగా వాడతారు, కానీ వినండి, అక్కడ ఈడీ కూడా తప్పేం కాదు, రెండూ నడుస్తాయి. అమెరికాలో దాదాపు ఈడీయే, లెర్న్ట్ అని రాస్తే వాళ్ళకి ఇదెవరో బయటి మనిషి రాసిందని తెలిసిపోతుంది. మనం తెల్లవాళ్ళ స్కూళ్ళ నుంచి నేర్చుకున్నాం కాబట్టి టీ వైపు ఉన్నాం. మన ఇంగ్లీష్ పేపర్లు చదివేవాళ్ళు ఎంతమంది? ఇట్ ఈజ్ లెర్న్ట్ దట్ అని రాస్తాడు చూడండి, మన తెలుగు పేపర్లో అని తెలిసింది అని రాసినట్టు. ఎవరు చెప్పారో చెప్పడు, తెలిసింది అంతే. ఆ లెర్న్ట్ మనవాళ్ళకి ఎంత అలవాటంటే, అక్కడ లెర్న్డ్ అని పెడితే మనకే ఎట్లాగో ఉంటుంది.

ఇంకో సంగతి, చెవితో వింటే ఈ టీ పెద్ద వింతేం కాదు. వాక్ కి ఈడీ చేరిస్తే ఏమని పలకాలి? మనవాళ్ళు చాలామంది వాకెడ్ అంటారు. కాదు, వాక్ట్. రాసేది ఈడీ, పలికేది టీ. ప్లే కి అయితే ప్లేడ్, వాంట్ కి వాంటెడ్. ఒకే ఈడీకి మూడు పలుకులు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనే లుక్ట్ అని చెవికి వినపడ్డట్టు చివర టీ పెట్టి అచ్చేసినవాళ్ళున్నారు. తర్వాత అది పోయింది, కొన్ని మాటల దగ్గర మాత్రం టీ మిగిలిపోయింది.

ఇక గాటెన్ సంగతి, గెట్ గాట్ తర్వాత వచ్చే మూడో రూపం. దీని మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది కాబట్టి ఎక్కువసేపు మాట్లాడతా. మా మనవడు డాలస్‌లో ఉంటాడు. ఫోన్లో తాతా, ఇట్ హాజ్ గాటెన్ కోల్డ్ అన్నాడు. పక్కనే మా స్నేహితుడు, ఆయనా ఇంగ్లీష్ మాస్టారే, చెవులు మూసుకున్నాడు. అమెరికావాళ్ళు భాషని సర్వనాశనం చేశారయ్యా అన్నాడు. నిజమా? అసలు గాటెన్ అమెరికాలో పుట్టలేదు. ఇంగ్లండ్‌లోదే అది, పాత మాట. ఇంగ్లీషువాళ్ళు అమెరికా తీరంలో ఊళ్ళు కట్టుకున్నది ఎప్పుడు? జేమ్స్‌టౌన్ 1607, ఆ తర్వాత మేఫ్లవర్ ఓడ 1620. వాళ్ళు పోయేటప్పుడు ఈ గాటెన్‌ని మూటలో కట్టుకుని పోయినారు. ఆ తర్వాత ఇంట్లో ఉన్నవాళ్ళు, అంటే ఇంగ్లండ్‌వాళ్ళు, మెల్లమెల్లగా దాన్ని వదిలేసి గాట్‌తోనే సరిపెట్టుకున్నారు. వలసపోయినవాళ్ళ దగ్గర పాత సామాను భద్రంగా ఉంది, ఇంట్లో ఉన్నవాళ్ళు పాత్రలోడికి వేసేశారు. ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళే ఇదెక్కడి మాట అని ముక్కు మీద వేలేసుకుంటారు! అంతా వదిలేశారా అంటే అదీ లేదు. ఫర్గాటెన్ అంటారా లేదా? ఇల్ గాటెన్ మనీ అంటారా లేదా, పాపిష్టి సొమ్ముకి? అక్కడ ఉందిగా గాటెన్.

మా మనవడు ఇంకోటి కూడా నేర్పించాడు నాకు. అమెరికాలో గాట్, గాటెన్ రెండూ ఉంటాయి, రెండూ ఒకటి కాదు. ఐ హావ్ గాట్ ఎ కార్ అంటే నా దగ్గర కారుంది. ఐ హావ్ గాటెన్ ఎ కార్ అంటే కారు సంపాదించా, కొత్తగా వచ్చింది నాకు. చూశారా, ఇంగ్లండ్‌లో రెండింటికీ ఒకే గాట్ కాబట్టి పక్క మాటల్ని బట్టి అర్థం చేసుకోవాలి. అమెరికాలో రెండు రూపాలకి రెండు పనులు పంచేశారు. ఈ పంచటం అనేది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తా.

అంతకంటే ముందు, అసలు ఇన్ని రూపాలెందుకు వచ్చాయి? చిన్నప్పుడు గోడకి ఆనుకుని బట్టీ పట్టాం కదా, గో వెంట్ గాన్, టేక్ టుక్ టేకెన్. అందరికీ ఈడీ పెట్టేస్తే ఎంత హాయి! పాత ఇంగ్లీష్‌లో ఇట్లాంటి వంకర క్రియలు ఇప్పటికంటే చాలా ఎక్కువ ఉండేవి. హెల్ప్ తెలుసుగా, హెల్ప్డ్. ఒకప్పుడు అది హోల్ప్, హోల్పెన్. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో హోల్పెన్ ఇప్పటికీ ఉంది, లూకా సువార్త మొదటి అధ్యాయంలో, చర్చికి వెళ్ళేవాళ్ళు ఇంటికెళ్ళి పాత ప్రతి తీసి చూడండి. క్లైమ్, అంటే ఎక్కటం, దానికి క్లోమ్ అని ఉండేది. పోయాయి అవన్నీ. ఈడీ వచ్చి మింగేసింది.

మరి టుక్‌ని ఎందుకు మింగలేదు? వెంట్‌ని ఎందుకు మింగలేదు? 2007లో హార్వర్డ్ వాళ్ళు కొందరు కూర్చుని లెక్క కట్టారు, నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. పాత ఇంగ్లీష్ నుంచి 177 వంకర క్రియల్ని తీసుకున్నారు. మధ్య యుగాల ఇంగ్లీష్‌కి వచ్చేసరికి అందులో 145 వంకరగానే ఉన్నాయి. ఇప్పటికి మిగిలింది 98. ఏవి మిగిలాయి, ఏవి పోయాయి? ఎక్కువ వాడేవి మిగిలాయి, తక్కువ వాడేవి పోయాయి. దానికి సూత్రం కూడా చెప్పారు, ఒక క్రియని ఇంకోదానికంటే వందరెట్లు తక్కువ వాడితే అది పదిరెట్లు తొందరగా ఈడీలోకి పోతుందంట. వర్గమూలం లెక్క. మ్యాథ్స్ వాళ్ళున్నారా ఇక్కడ? సంతోషించండి.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. రోజూ నడిచే దారిలో గడ్డి మొలవదు. కీప్ కెప్ట్, స్లీప్ స్లెప్ట్, పసిపిల్లప్పట్నుంచి రోజూ వింటారు, కాబట్టి కీప్డ్ అని ఎవరూ అనరు, చెవి ఒప్పుకోదు. లీప్ అంటే దూకటం, అదీ అదే వరస, లెప్ట్. కానీ రోజూ ఎంతమంది దూకుతారు? నెలకోసారి వినే మాట, గబుక్కున అవసరం వచ్చినప్పుడు పాత రూపం గుర్తురాక లీప్డ్ అనేస్తారు. అట్లా రెండు రూపాలు పక్కపక్కన నిలబడతాయి. డ్రీమ్ అంతే, నీల్, అంటే మోకరిల్లటం, అదీ అంతే. అంటే డిక్షనరీలో రెండు రూపాలు కనపడుతున్నాయంటే, ఆ మాట దారి మధ్యలో ఉందని. ఒక కాలు పాత ఇంట్లో, ఒక కాలు కొత్త ఇంట్లో.

తెలుగులో కూడా ఇదే కదా. మన క్రియల్లో బాగా వంకరగా ఉండేవి ఏవి? రా. వాడు వచ్చాడు, ఇట్లా రా, వాడు రాలేదు. వచ్చు ఎక్కడ, రా ఎక్కడ! తే, తెచ్చాడు. చావు, చచ్చాడు. అన్నీ పొద్దున లేస్తే వాడేవే. ఎప్పుడో ఒకసారి వాడే క్రియలు బుద్ధిగా ఉంటాయి. గో కి వెంట్ అనేది కూడా దానిది కాదు, వెండ్ అని ఇంకో క్రియ ఉండేది, సెండ్ సెంట్ లాగా వెండ్ వెంట్, గో దాన్ని ఎత్తుకొచ్చి తన భూతకాలం చేసుకుంది. తన సొంతది ఎప్పుడో పోయింది.

ఇప్పుడు మీరు అడగాలి, సార్, అన్నీ ఈడీ వైపే పోతున్నాయంటే కొన్నాళ్ళకి అంతా ఈడీయేనా అని. అడగలేదు, నేనే అడుక్కుంటున్నా. లేదు, ఎదురు నడిచేవీ ఉన్నాయి. స్నీక్, దొంగచాటుగా దూరటం. దాని భూతకాలం స్నీక్డ్, బుద్ధిగా ఈడీ. అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో ఎవరో స్నక్ అన్నారు, స్టిక్ స్టక్, స్ట్రైక్ స్ట్రక్ విని విని చెవికి అది బావుందనిపించి. ఇప్పుడు అమెరికాలో అది మామూలైపోయింది. డైవ్ కి డైవ్డ్, అమెరికాలో డోవ్ కూడా అంటారు, డ్రైవ్ డ్రోవ్ ఉంది కదా అని. దొంగచాటుగా దూరే మాటకి భూతకాలం కూడా దొంగచాటుగానే దూరింది, నవ్వండి ఫరవాలేదు.

మనుషుల చెవి ఇట్లా పనిచేస్తుందని 1958లోనే జీన్ బెర్కో అనే ఆవిడ చూపించింది. చిన్నపిల్లలకి లేని మాటలు చెప్పి వాటికి భూతకాలం చెప్పమంది. గ్లింగ్ అని ఒక మాట, అర్థం లేదు, ఆవిడే పుట్టించింది. పిల్లలు ఎక్కువమంది గ్లింగ్డ్ అని ఈడీ పెట్టారు. పెద్దవాళ్ళని అడిగితే చాలామంది గ్లాంగ్ అనో గ్లంగ్ అనో అన్నారు, సింగ్ శాంగ్ అలవాటు కాబట్టి. అంటే మనం బట్టీ పట్టిన టేబుల్ ఏ పుస్తకంలోనో లేదు, వాళ్ళ చెవుల్లో ఉంది.

సరే, ఇందాక పంచటం అన్నా కదా. ఇక్కడ లాయర్లు ఎవరైనా ఉన్నారా? మీరా సార్, నమస్కారం. కోర్టులో ఎదుటి లాయర్‌ని మీరు ఏమంటారు? మై లెర్నెడ్ ఫ్రెండ్. లెర్న్డ్ అనరు, లెర్నెడ్, రెండు ముక్కలుగా విడదీసి పలుకుతారు. రాసేది అదే ఈడీ, అర్థం మాత్రం చదువుకున్నవాడు, పండితుడు అని. మై లెర్న్ట్ ఫ్రెండ్ అంటే జడ్జిగారు పెన్ను కింద పెడతారు. కాబట్టి ఇంగ్లండ్‌లో కూడా ఇక్కడ టీ పనికిరాదు. ఒక రూపం ఈ పనికి రిజర్వ్ అయిపోయింది.

హ్యాంగ్ చూడండి. గోడకి పటం తగిలించాం, హంగ్. మనిషిని ఉరితీశారు, హ్యాంగ్డ్. ఎందుకు? మొదట్లో వేర్వేరు క్రియలు కలిసిపోయి ఒకటైనాయి, రెండు భూతకాలాలు మిగిలాయి, మామూలు జనం హంగ్ వైపు వెళ్ళారు, కోర్టులు పాత హ్యాంగ్డ్‌ని పట్టుకుని కూర్చున్నాయి. కోర్టు భాష ఎక్కడైనా అంతే, మన దస్తావేజుల తెలుగు చూడలా? 2024 దాకా నడిచిన మన సీఆర్పీసీ, అంటే క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే చట్టం, దాని 354 సెక్షన్లో కూడా మరణశిక్ష వేస్తే హ్యాంగ్డ్ బై ద నెక్ అనే ఉండేది. హంగ్ అంటే ఇంగ్లీషువాళ్ళు చచ్చిపోతారా, పోరు, మాటల్లో వాళ్ళూ అంటుంటారు, కానీ రాసేటప్పుడు ఈ తేడా పాటించండి. షైన్ అంతే. సూర్యుడు మెరిశాడు, షోన్. ఇంగ్లండ్‌లో దాన్ని షాన్ అని పలుకుతారు. బూట్లు మెరిపించాడు, అక్కడ షైన్డ్. మెరవటానికి ఒకటి, మెరిపించటానికి ఒకటి. బర్న్ట్ అయితే అమెరికాలో కూడా బతికుంది, బర్న్ట్ టోస్ట్ అంటారు, మాడిన దానికి టీ. ప్రూవెన్ అని ఒకటుంది, అది స్కాట్లండ్ కోర్టుల నుంచి వచ్చింది, వాళ్ళకి దోషి, నిర్దోషి అని కాకుండా నాట్ ప్రూవెన్ అని మూడో తీర్పు ఉండేది శతాబ్దాలుగా. ఇప్పుడు ప్రూవ్డ్, ప్రూవెన్ ఏది వాడినా ఎవరూ కొట్టరు, నామవాచకం ముందు మాత్రం ప్రూవెన్ బావుంటుంది, ప్రూవెన్ ట్రాక్ రికార్డ్.

మన దగ్గర ఇట్లా పంచుకోవటం లేదా? నేను వరంగల్లో ఉన్నప్పుడు పక్కింటాయన గురించి అడిగితే వాళ్ళావిడ ఆయన పొద్దుగాలనే పోయిండు సార్ అంది. ఎక్కడికి, హన్మకొండకి, బ్యాంకు పని మీద. మా ఊర్లోనూ పోయినాడు అంటే వెళ్ళినాడనే. విజయవాడ వచ్చాక అపార్ట్‌మెంట్‌లో ఒకావిడని మీవారున్నారా అని ఎవరో అడిగితే, నేను పక్కనుంచి, పోయినాడు కదమ్మా ఇందాకే అన్నా. ఆవిడ మొహం చూడాల్సింది! ఇక్కడ పోయాడంటే పోయాడే. వెళ్ళాడు అనాలి. ఒక చోట రెండూ ఒకటే, ఇంకోచోట పని పంచేసుకున్నాయి, తెలీకుండా వాడితే బతికున్నవాడికి తద్దినం పెట్టినట్టు అవుతుంది. మూడు ఊళ్ళ సంగతి మొదట్లో ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైందా?

కాబట్టి బాబూ, గేటు దగ్గర అబ్బాయీ, నీ సంగతికి వద్దాం. డిక్షనరీలో రెండు రూపాలు కనపడితే రెండు సంగతులు చూడు. ఒకటి, వీటికి పనులు పంచి ఉన్నాయా లేదా. హ్యాంగ్డ్, హంగ్ లాంటివైతే నీ ఇష్టం లేదు, ఏ పనికి ఏదో అదే వాడాల. పంచి లేకపోతే, లెర్న్ట్ లెర్న్డ్ లాంటివైతే, చదివేవాడు ఎవరో చూడు. మన పరీక్షకి, మన ఆఫీసు లెటర్‌కి లెర్న్ట్ నిక్షేపంలా నడుస్తుంది. అమెరికా క్లయింట్‌కి మెయిల్ రాస్తే ఈడీ పెట్టు. ఎవరు చదువుతారో తెలీదా? ఈడీ పెట్టు, అది రెండు దేశాల్లోనూ చెల్లే నోటు. ఐఈఎల్‌టీఎస్‌కి అయితే బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగ్ రెండూ ఒప్పుకుంటారు, భయం లేదు. కానీ పై లైన్లో లెర్న్ట్, కింద లైన్లో లెర్న్డ్, ఇంకో లైన్లో కలర్‌కి యూ లేకుండా, అట్లా రాయొద్దు. వచ్చిండు, మళ్ళీ వచ్చినాడు, ఆపై వచ్చెను అని ఒకే ఉత్తరంలో రాస్తే ఎట్లుంటుందో అట్లుంటుంది. ముగ్గురు రాసినట్టుంటుంది.

కంప్యూటర్లో ఎర్ర గీత వస్తోంది సార్ అంటారు. ఆ గీతకి బెదిరిపోకండి. అది అమెరికన్ ఇంగ్లీష్ సెట్టింగ్‌లో ఉందేమో చూడండి, ఇండియా ఇంగ్లీష్‌కి మార్చుకోండి, గీత పోతుంది. నాలాంటి మాస్టారే లోపల కూర్చున్నాడు, అంతే తేడా.

ఇంకో జాగ్రత్త. లెర్న్ట్ చూసి ఎర్న్ట్ అని రాసేవాళ్ళున్నారు, ఈ మధ్య రెజ్యూమేల్లో బాగా కనపడుతోంది. ఎర్న్ కి ఎర్న్డ్ ఒక్కటే రాయండి. అట్లాగే ఫెల్ట్, మెంట్, డెల్ట్ వీటికి ఈడీ పెట్టి అమెరికా స్టైల్ అనుకోవద్దు, అమెరికాలో కూడా అవి టీయే.

ఏంటమ్మా? నిలబడి అడుగు, వినపడటం లేదు. ఆ, మంచి ప్రశ్న. స్టార్టెడ్ టు రెయిన్, స్టార్టెడ్ రెయినింగ్, రెండూ ఒకటేనా అంటోంది. ఒకటే తల్లీ. వాన మొదలైంది, అంతే, గొడుగు తీసుకో. స్టార్ట్, బిగిన్, కంటిన్యూ వీటి దగ్గర ఏది పెట్టినా ఒకటే. ఒక్కటి చూసుకో, స్టార్టింగ్ అని ముందే ఇంగ్ ఉంటే వెనక మళ్ళీ ఇంగ్ వద్దు, చెవికి బావోదు, ఇట్ ఈజ్ స్టార్టింగ్ టు రెయిన్ అను. కానీ స్టాప్ దగ్గర ఆగాలి. హీ స్టాప్డ్ స్మోకింగ్ అంటే సిగరెట్ మానేశాడు. హీ స్టాప్డ్ టు స్మోక్ అంటే చేస్తున్న పని ఆపి సిగరెట్ కాల్చుకోవటానికి నిలబడ్డాడు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు అబ్బాయి గురించి ఇంగ్లీష్‌లో అడిగితే ఆ రెండోది మాత్రం చెప్పకండి.